వార్డులో పుట్టిన అనుమానం ఎక్కడికి పోవాలి?

2002లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఏడుగురు నర్సులు జిల్లా ప్రాసిక్యూటర్ దగ్గరికి వెళ్లారు. వాళ్లంతా బెత్లెహెమ్ ఊళ్లోని సెయింట్ లూక్స్ ఆసుపత్రిలో, గుండెజబ్బుల ఐసీయూలో పనిచేసేవాళ్లు. తమతో పనిచేసి ఆ జూన్‌లో ఉద్యోగం వదిలి వెళ్లిన చార్లెస్ కల్లెన్ అనే నర్సు మందులతో రోగుల్ని చంపుతున్నాడని వాళ్ల అనుమానం. ఒక లెక్క కూడా పట్టుకెళ్లారు. ఆ ఏడాది జనవరి నుంచి జూన్ దాకా వార్డు పనిగంటల్లో కల్లెన్ చేసినవి 20 శాతం. మరణాల్లో మాత్రం దాదాపు మూడింట రెండు వంతులు అతను డ్యూటీలో ఉన్నప్పుడే జరిగాయి.

ప్రాసిక్యూటర్ కార్యాలయం తొమ్మిది నెలలు చూసి, సాక్ష్యం చాలదని ఫైలు మూసేసింది. అంతకుముందు కల్లెన్ ఎక్కడెక్కడ పనిచేశాడో, ఎందుకు మానేశాడో ఎవరూ ఆరా తీయలేదు. ఈలోగా అతను పక్కనున్న న్యూజెర్సీలో ఇంకో ఆసుపత్రిలో చేరిపోయాడు.

దాదాపు అవే రోజుల్లో నెదర్లాండ్స్‌లోనూ ఇలాంటి లెక్కే ఒకటి కోర్టు ముందుకొచ్చింది. హేగ్ నగరంలోని జూలియానా పిల్లల ఆసుపత్రిలో లూసియా డి బెర్క్ అనే నర్సు పనిచేసేది. 2001 సెప్టెంబరులో ఒక పసిపాప చనిపోయింది. లూసియా డ్యూటీలో ఉన్నప్పుడే ఇలాంటివి ఎక్కువగా జరుగుతున్నాయని తోటివాళ్లకు అనిపించింది. పాత రికార్డులు తిరగేశారు. మొత్తం 1,029 షిఫ్టుల్లో ఆమె పనిచేసినవి 142. ‘అనుమానాస్పదం’ అని తేల్చిన 8 ఘటనలూ ఆ 142 షిఫ్టుల్లోనే ఉన్నాయి. ఆమె అంతకుముందు పనిచేసిన మరో ఆసుపత్రి లెక్కలు కూడా కలిపి, ఇది కేవలం కాకతాళీయంగా జరిగే అవకాశం 34 కోట్ల 20 లక్షల్లో ఒక వంతు అని ఒక నిపుణుడు కోర్టుకు చెప్పాడు. 2003లో లూసియాకు యావజ్జీవ శిక్ష పడింది.

రెండు చోట్లా లెక్క ఒకే రకం. బెత్లెహెమ్‌లో అది నిజమైన హంతకుణ్ణి చూపించింది, ఎవరూ పట్టించుకోలేదు. హేగ్‌లో అందరూ దాన్ని నమ్మారు, అక్కడ అసలు హత్యే లేదు. 2010 ఏప్రిల్ 14న డచ్ కోర్టు లూసియాను పూర్తి నిర్దోషిగా ప్రకటించింది. ఆ సరికి ఆమె జైల్లో ఏళ్లు గడిపింది, పక్షవాతం కూడా వచ్చింది.

తోటి ఉద్యోగి మీద అనుమానం వస్తే ఆసుపత్రి ఏం చేయాలన్న ప్రశ్నకు ఈ రెండు కేసుల్లో ఏ ఒక్కదాన్ని చూసినా సగం జవాబే దొరుకుతుంది. కల్లెన్ కథ ఒక్కటే చదివితే ‘అనుమానం రాగానే పట్టుకోవాలి’ అనిపిస్తుంది. లూసియా కథ ఒక్కటే చదివితే ‘అనుమానాల్ని నమ్మకూడదు’ అనిపిస్తుంది. పక్కపక్కన పెడితే కనిపించే తప్పు ఒకటే. రెండు ఆసుపత్రులూ తమ పని కాని పనిని నెత్తికెత్తుకున్నాయి. దోషి ఎవరో తామే తేల్చుకోబోయాయి.

లూసియా లెక్కలో లోపం ఎక్కడుందో ముందు చూద్దాం. ఏ ఘటన అనుమానాస్పదమో తేల్చింది ఆమె మీద అప్పటికే అనుమానం పడ్డ మనుషులు. ఆమె డ్యూటీలో ఉండగా ఒక పాప ఊపిరి ఆగిపోతే అది ఘటన అయింది. ఆమె లేనప్పుడు అలాంటిదే జరిగితే మామూలు జబ్బు ముదిరిన కేసు అయింది. నిజానికి ఆమె రాకముందు మూడేళ్లలో ఆ వార్డులో ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆమె ఉన్న మూడేళ్లలో చనిపోయినవాళ్లు ఆరుగురు. హంతకురాలు చేరిన వార్డులో చావులు తగ్గడం ఏమిటని ఆ రోజుల్లో ఒక్కరైనా అడిగి ఉండాల్సింది.

రెండోది, 34 కోట్లలో ఒక వంతు అన్న సంఖ్య జవాబిచ్చిన ప్రశ్న వేరు, కోర్టు వేసుకోవాల్సిన ప్రశ్న వేరు. లాటరీ తగిలిన మనిషికి అది తగిలే అవకాశం లక్షల్లో ఒక వంతే అయినా, అతను మోసం చేశాడని మనం అనం. ఎవరో ఒకరికి తగలాలి, తగిలాక వెనక్కి తిరిగి చూస్తున్నాం. ప్రపంచంలో లక్షలమంది నర్సులు కోట్ల షిఫ్టులు పనిచేస్తున్నప్పుడు, ఏ పాపమూ ఎరగని ఎవరో ఒకరి డ్యూటీల్లో వరసగా చావులు పడి తీరతాయి. కాబట్టి కోర్టు అడగాల్సింది ‘ఇది కాకతాళీయంగా జరిగే అవకాశం ఎంత?’ అని కాదు. ‘ఇలాంటి వరస కనబడినప్పుడు దానికి కాకతాళీయం కారణమా, జబ్బు కారణమా, వార్డు నిర్వహణ కారణమా, హత్య కారణమా, వీటిలో దేనికి ఎంత అవకాశం?’ అని అడగాలి. హత్య అన్నది వీటన్నిటిలోకీ అరుదైనది.

పైగా నర్సులకు డ్యూటీలు చీటీలు వేసి పంచరు. అనుభవం ఉన్న సిస్టర్‌కే సీరియస్ కేసు అప్పగిస్తారు. ఓవర్‌టైమ్‌కు ఒప్పుకునే మనిషి ఎక్కువ షిఫ్టులు చేస్తుంది, ఎక్కువ చావులు చూస్తుంది. డచ్ గణాంక శాస్త్రవేత్త రిచర్డ్ గిల్, ఆయన సహచరులు ఇలాంటి తేడాల్ని లెక్కలోకి తెచ్చి మళ్లీ గుణిస్తే 34 కోట్లలో ఒకటి కాస్తా 25లో ఒకటి దాకా వచ్చింది. అంటే ప్రతి పాతికమంది నర్సుల్లో ఒకరికి జరగదగ్గ సంగతే. బ్రిటన్‌లోని రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ 2022లో ఈ విషయం మీదే ఒక నివేదిక తెచ్చింది. డ్యూటీ చార్టుకీ చావులకీ పొత్తు కుదరడాన్ని నేరానికి రుజువుగా తీసుకోవడం ఎంత ప్రమాదమో అందులో వివరంగా ఉంది.

అలాగని లెక్కలు పనికిరావని కాదు. అమెరికాలోనే మసాచుసెట్స్ రాష్ట్రం నార్తాంప్టన్‌లో మాజీ సైనికుల ఆసుపత్రి ఒకటి ఉంది. అక్కడ క్రిస్టెన్ గిల్బర్ట్ అనే నర్సు మీద 1996లో తోటి నర్సులే ఫిర్యాదు చేశారు. లెక్క తీస్తే ఆమె పనిచేసిన 257 షిఫ్టుల్లో 40 షిఫ్టుల్లో మరణాలు, ఆమె లేని 1,384 షిఫ్టుల్లో 34 షిఫ్టుల్లోనే మరణాలు. ఈ లెక్కను కేసు విచారణకు అర్హమా కాదా అని తేల్చే గ్రాండ్ జ్యూరీ ముందు పెట్టనిచ్చారు. హత్యా నేరం మీద అసలు విచారణ మొదలయ్యాక మాత్రం న్యాయమూర్తి దాన్ని లోపలికి రానివ్వలేదు. గుండెను పరుగులెత్తించే ఎపినెఫ్రిన్ మందు వార్డు స్టాకులో తగ్గుతూ వచ్చిన తీరు, రోగుల దేహాలు, సాక్షుల మాటలు, వీటి మీదే 2001లో శిక్ష పడింది. ఆ న్యాయమూర్తి గీసిన గీత నాకు చాలా సరైనదిగా తోస్తుంది. లెక్క తలుపు తట్టవచ్చు, తీర్పు చెప్పకూడదు.

అయితే తలుపు తట్టాక లోపల సాక్ష్యం ఉండాలి కదా? ఇక్కడే రసాయన శాస్త్రం వస్తుంది. ఆసుపత్రిలో హత్య చేసేవాడికి బయటి నుంచి విషం తేవాల్సిన పని లేదు. రోగికి ఇచ్చే మందే విషం. ఇన్సులిన్, డిగాక్సిన్, పొటాషియం, కండరాల్ని స్తంభింపజేసే మందులు, ఇవే మళ్లీమళ్లీ కనిపిస్తాయి. ఇవన్నీ ఐసీయూలో చేతికందే మందులు. చనిపోయిన మనిషి ఎలాగూ జబ్బుమనిషే కాబట్టి ఎవరికీ ఆశ్చర్యం కలగదు.

వీటిలో ఇన్సులిన్ ఒక గుర్తు వదిలిపెడుతుంది. మన క్లోమగ్రంథి ఇన్సులిన్ తయారుచేసేటప్పుడు ముందుగా ఒక పొడవైన అణువును తయారుచేసి, దాన్ని కత్తిరిస్తుంది. ఒక ముక్క ఇన్సులిన్, రెండోది సి-పెప్టైడ్. అందుకే ఒంట్లో పుట్టిన ఇన్సులిన్ వెంట సి-పెప్టైడ్ కూడా రక్తంలో కనబడాలి. ఫ్యాక్టరీలో తయారైన ఇంజెక్షన్‌లో అది ఉండదు. రక్తంలో చక్కెర పడిపోయి, ఇన్సులిన్ బాగా ఎక్కువగా ఉండి, సి-పెప్టైడ్ మాత్రం అడుగంటితే ఆ ఇన్సులిన్ బయటి నుంచి వచ్చిందని అనుమానించాలి. కానీ ఆ రక్తం మనిషి బతికుండగానే తీయాలి, వెంటనే శీతలీకరించాలి, మామూలు ల్యాబ్ పరీక్ష మీద ఆధారపడకుండా నిర్ధారణ పరీక్షకు పంపాలి.

పొటాషియం అయితే ఇంకా మొండిది. ప్రాణం పోగానే కణాల్లోంచి పొటాషియం రక్తంలోకి కారిపోతుంది, కాబట్టి శవం రక్తంలో అది ఎప్పుడూ ఎక్కువే. సక్సినైల్‌కోలిన్ అనే మందు నిమిషాల్లో విచ్ఛిన్నమైపోతుంది. గుండెజబ్బుకు వాడే డిగాక్సిన్ మరణం తర్వాత కండరాల్లోంచి తిరిగి రక్తంలోకి వస్తుంది. దాంతో శవం నుంచి తీసిన నమూనాలో అసలు కన్నా ఎక్కువగా కనబడుతుంది. పసిపిల్లల రక్తంలో డిగాక్సిన్‌ను పోలిన పదార్థాలు సహజంగానే ఉంటాయి, మామూలు పరీక్ష వాటిని కూడా మందుగా లెక్కేస్తుంది. లూసియా కేసులో పాపకు డిగాక్సిన్ విషం ఎక్కించారన్న ఆరోపణ తర్వాతి కాలంలో ఈ కారణాల వల్లే నిలబడలేదు. ఆమె డైరీలో తన ‘ఆపుకోలేని ప్రేరణ’ గురించి రాసుకున్న వాక్యాలు రోగుల్ని చంపే పిచ్చికి రుజువని ప్రాసిక్యూషన్ వాదించింది. తాను రాసుకున్నది టారో కార్డులతో జాతకం చెప్పే అలవాటు గురించని ఆమె ముందు నుంచీ చెబుతూనే ఉంది.

అంటే సాక్ష్యానికి ఆయుష్షు గంటల్లోనే ఉంటుంది. ఖాళీ సీసా చెత్తలోకి పోతుంది, సెలైన్ బ్యాగు డస్ట్‌బిన్‌లోకి పోతుంది, దేహం ఖననానికో దహనానికో పోతుంది. అనుమానం వచ్చాక ఆసుపత్రి నెలల తరబడి లోలోపల మల్లగుల్లాలు పడితే, దోషికి వ్యతిరేకంగా ఉన్న సాక్ష్యమూ పోతుంది, నిర్దోషికి అనుకూలంగా ఉన్న సాక్ష్యమూ పోతుంది. మిగిలేది డ్యూటీ చార్టు ఒక్కటే.

ఇప్పుడు కల్లెన్ దగ్గరికి వద్దాం. సెయింట్ లూక్స్‌లో అతని మీద అనుమానం చార్టుతో మొదలవలేదు. వాడేసిన సూదులు పడేసే డబ్బాలో నర్సులకు సీసాలు దొరికాయి. గుండె లయను మార్చే ప్రొకైనమైడ్, కండరాల్ని స్తంభింపజేసే వెక్యురోనియం, కొన్ని ఖాళీవి, కొన్ని మూత తీయనివి. ఆసుపత్రి తన న్యాయవాదితో విచారణ జరిపించింది. చివరికి కల్లెన్ రాజీనామా చేస్తే సరిపోతుందని తేలింది. అడిగినవాళ్లకు అతని గురించి చెడుగా చెప్పబోమన్నది ఒప్పందం. అతను వెళ్లిపోయాక ‘పీడా పోయింది’ అనుకున్నట్టున్నారు. పీడ పోయింది వాళ్లకే, రోగులకు కాదు.

అది మొదటిసారి కూడా కాదు. 1987లో న్యూజెర్సీలోని సెయింట్ బార్నబస్‌లో మొదలుపెట్టి కల్లెన్ 16 ఏళ్లలో తొమ్మిది ఆసుపత్రులు, ఒక వృద్ధుల నర్సింగ్ హోమ్ తిరిగాడు. సెయింట్ బార్నబస్‌లోనే సెలైన్ బ్యాగుల్లో ఇన్సులిన్ కలుస్తోందని బయటపడి విచారణ మొదలైంది. అతను అక్కణ్ణుంచి వెళ్లగానే విచారణ చల్లారింది. 1993లో వారెన్ ఆసుపత్రిలో 91 ఏళ్ల ముసలామె, ఒక మగ నర్సు వచ్చి తనకు ఇంజెక్షన్ ఇచ్చాడని కొడుకుతో చెప్పి మర్నాడు చనిపోయింది. దేహానికి రకరకాల మందుల పరీక్షలు చేశారు, డిగాక్సిన్ పరీక్ష తప్ప. కల్లెన్‌కు లై డిటెక్టర్ పెడితే పాసయ్యాడు. ప్రతి ఆసుపత్రికీ కథలో ఒక ముక్క తెలుసు. ముక్కలన్నీ ఒక చోట చేర్చే బాధ్యత ఎవరికీ లేదు. తిలాపాపం తలా పిడికెడు.

2002 సెప్టెంబరులో కల్లెన్ న్యూజెర్సీలోని సోమర్‌సెట్ మెడికల్ సెంటర్ ఐసీయూలో నర్సుగా చేరాడు. అక్కడ మందుల అలమారాకు పిక్సిస్ అనే కంప్యూటర్ యంత్రం ఉండేది. నర్సు తన కోడ్ నొక్కి, రోగి పేరు, మందు పేరు ఎంచుకుంటే సొరుగు తెరుచుకుంటుంది. ఎవరు, ఎప్పుడు, ఏ రోగి కోసం, ఏం తీశారో అన్నీ నమోదవుతాయి. కల్లెన్ డిగాక్సిన్ అడిగి, మరుక్షణంలో రద్దు చేసేవాడు. సొరుగు మాత్రం అప్పటికే తెరుచుకునేది. మందు తీసుకున్నా కాగితం మీద తీసుకోనట్టే.

2003 వేసవికి నలుగురు రోగుల్లో అర్థం కాని సంగతులు కనిపించాయి. ఇద్దరిలో డిగాక్సిన్ పెరగడం, ఇద్దరిలో చక్కెర అకస్మాత్తుగా పడిపోవడం. ఆసుపత్రి ఫార్మసిస్టు న్యూజెర్సీ విష సమాచార కేంద్రానికి ఫోన్ చేసి సలహా అడిగారు. కేంద్రం డైరెక్టర్ డాక్టర్ స్టీవెన్ మార్కస్ వివరాలు విని, లోపలివాళ్లెవరో రోగులకు హాని చేస్తూ ఉండవచ్చని ఆసుపత్రి పెద్దల్ని సూటిగా హెచ్చరించాడు. ఇది పోలీసుల పనన్నాడు. జూలైలో జరిగిన ఆ ఫోన్ సంభాషణలు రికార్డయ్యాయి. ముందు మా విచారణ ముగించుకుంటాం అన్నది ఆసుపత్రి ధోరణి. మార్కస్ ఊరుకోకుండా రాష్ట్ర ఆరోగ్యశాఖకు తానే తెలియజేశాడు. పోలీసులకు కబురు వెళ్లింది మాత్రం అక్టోబరులో. జూలైకీ అక్టోబరుకీ మధ్య కల్లెన్ కనీసం మరో ఐదుగురిని చంపాడు.

ఆసుపత్రి కల్లెన్‌ను ఉద్యోగంలోంచి తీసేసింది అక్టోబరు చివర్లో, దరఖాస్తులో అబద్ధాలు రాశాడన్న కారణంతో. డిటెక్టివ్‌లు పిక్సిస్ రికార్డులు అడిగితే 30 రోజులవే ఉంటాయన్న జవాబు వచ్చిందని, యంత్రం తయారుచేసిన కంపెనీని అడిగితే అలాంటి పరిమితేమీ లేదని తేలిందని ఈ కేసు మీద పుస్తకం రాసిన చార్లెస్ గ్రేబర్ చెబుతాడు. ఆ రికార్డుల్ని చదవడం డిటెక్టివ్‌లకు చేతకాలేదు. చదివింది ఏమీ లాఫ్రెన్ అనే ఐసీయూ నర్సు, కల్లెన్‌కు మంచి స్నేహితురాలు. మొదట్లో అతను అలాంటివాడు కాడనే ఆమె నమ్మింది. కాగితాలు ముందు పెట్టాక, రాత్రి తర్వాత రాత్రి రద్దయిన ఆర్డర్ల వరస చూసి నిర్ఘాంతపోయింది. తర్వాత ఒంటి మీద రహస్య మైకు పెట్టుకుని రెస్టారెంట్‌లో అతన్ని కలిసింది కూడా. 2003 డిసెంబరులో కల్లెన్ అరెస్టయ్యాడు. 29 హత్యలు ఒప్పుకున్నాడు. అసలు సంఖ్య వందల్లో ఉండొచ్చని పరిశోధకుల అనుమానం.

గమనించాల్సింది ఏమిటంటే, ఇక్కడ నేరాన్ని నిలబెట్టింది గణాంకాలు కావు. యంత్రం రాసుకున్న చిట్టా, దాన్ని చదవగల నర్సు, వెలికితీసిన దేహాలు, ఒప్పుకోలు. ఒప్పుకోలు తప్ప మిగతావన్నీ జూలైలోనూ చేతికందేవే. 1993లో వారెన్‌లో కూడా అలాంటివి కొన్ని ఉండే ఉంటాయి.

ఆసుపత్రులు ఎందుకిలా చేస్తాయి? దుర్మార్గం అని తేల్చేయడం సులువు, కానీ అది పూర్తి జవాబు కాదు. అనుమానం తప్పయితే ఉద్యోగి పరువునష్టం దావా వేస్తాడు. అనుమానం నిజమైతే రోగుల కుటుంబాలు దావా వేస్తాయి. రెండు దారుల్లోనూ నష్టమే కనబడినప్పుడు, యాజమాన్యానికి నోరు మెదపకుండా మనిషిని సాగనంపడమే చౌక. పొమ్మనలేక పొగబెట్టి, వెళ్లేటప్పుడు చేతిలో ఒక సర్టిఫికెట్ పెడతారు. జర్మనీలో నీల్స్ హోగెల్ అనే నర్సును ఓల్డెన్‌బర్గ్ ఆసుపత్రి సరిగ్గా అలాగే, మంచి ప్రశంసాపత్రం ఇచ్చి పంపింది. దగ్గర్లోని డెల్మెన్‌హోర్స్ట్‌లో చేరి అతను చంపుతూనే పోయాడు. 2005 జూన్‌లో అక్కడి నర్సు ఒకామె అతన్ని ఒక రోగి మంచం దగ్గర పట్టుకుంది. రక్తం తీసి పరీక్షకు పంపితే ఇవ్వకూడని మందు కనబడింది. అయినా అతన్ని వెంటనే ఆపలేదు. రెండు రోజుల తర్వాత ఇంకొకరు చనిపోయారు. 2019లో 85 హత్యలకు అతనికి శిక్ష పడింది. అతని పై అధికారులు, తోటి ఉద్యోగులు ఏడుగురి మీద కూడా కేసు నడిచింది, 2022లో అందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. అనుమానించడానికీ, తెలిసి ఊరుకోవడానికీ మధ్య గీత చట్టం ముందు అంత సన్నం.

ఇంగ్లండ్‌లోని కౌంటెస్ ఆఫ్ చెస్టర్ ఆసుపత్రి కేసు ఇంకా రగులుతోంది. పసిపిల్లల వార్డులో 2015, 2016ల్లో జరిగిన మరణాల్లో లూసీ లెట్బీ అనే నర్సు ఏడు హత్యలు చేసిందని 2023లో జ్యూరీ తేల్చింది. అనుమానం మొదట చెప్పిన పిల్లల డాక్టర్లను యాజమాన్యం నమ్మలేదు, ఒక దశలో ఆమెకు క్షమాపణ లేఖ కూడా రాయించింది. పోలీసుల్ని పిలిచింది 2017లో. ఇంకో వైపు, 2025 ఫిబ్రవరిలో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి ఆ మరణాలకు సహజ కారణాలూ, చికిత్సలో లోపాలే కనిపిస్తున్నాయని ప్రకటించింది. ఎవరిది నిజమో నేను తీర్పు చెప్పను. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. ఇద్దరు పిల్లల రక్తంలో ఇన్సులిన్ ఎక్కువ, సి-పెప్టైడ్ తక్కువ అని ల్యాబ్ నివేదికలు అప్పుడే వచ్చాయి. నిర్ధారణ పరీక్ష కోసం నమూనాల్ని ప్రత్యేక ల్యాబ్‌కు ఆ రోజే పంపి ఉంటే, ఇవాళ రెండు పక్షాలూ అవే కాగితాల మీద కొట్టుకోవాల్సిన అవసరం ఉండేది కాదు.

మరి వార్డులో అనుమానం పుడితే? అంకెల్ని ముందే కనిపెట్టి ఉంచడం ఒక మార్గం. ఫ్యాక్టరీల్లో సరుకు నాణ్యత పడిపోతే వెంటనే తెలియడానికి ఒక పద్ధతి వచ్చింది. దాన్ని వైద్యానికి అన్వయిస్తే ఇలా ఉంటుంది. ప్రతి రోగికీ వయసు, జబ్బు తీవ్రత బట్టి చనిపోయే అవకాశం ఎంతో అంచనా కడతారు. అంచనాకు మించి మరణాలు జరిగితే గ్రాఫు గీత పైకి పోతుంది, తగ్గితే కిందికి వస్తుంది. ముందే నిర్ణయించిన హద్దు దాటితే గంట మోగుతుంది. ఇంగ్లండ్‌లో హైడ్ ఊరి డాక్టర్ హెరాల్డ్ షిప్‌మన్ కనీసం 215 మంది రోగుల్ని చంపాడని అధికారిక విచారణ తేల్చింది. గణాంక శాస్త్రవేత్త డేవిడ్ స్పీగల్‌హాల్టర్ బృందం అతని రోగుల మరణాల మీద ఈ పద్ధతి వాడి చూస్తే 1980ల నడుమే గంట మోగి ఉండేదని తేలింది. అతను పట్టుబడింది 1998లో.

కానీ ఆ పద్ధతిని ప్రయోగాత్మకంగా ఇతర డాక్టర్ల మీద పెట్టి చూడగానే, షిప్‌మన్ కన్నా ఎక్కువ మరణాలు ఉన్న డాక్టరు ఒకరు తేలారు. ఆయన చేసిన నేరం ఏమీ లేదు. రిటైరైన ముసలివాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లో పనిచేస్తూ, చివరి రోజుల్లో వాళ్లను ఆసుపత్రులకు తరమకుండా ఇంట్లోనే ప్రశాంతంగా పోయేలా చూసుకునేవాడు. గంట మోగితే వెళ్లి చూడాలి. మోగిందని సంకెళ్లు వేయకూడదు.

ఆ వెళ్లి చూసేది ఎవరు అన్నదే అసలు సంగతి. షిప్‌మన్ మీద మొదట ఫిర్యాదు చేసింది వీధికి అవతలి క్లినిక్ డాక్టర్ లిండా రేనాల్డ్స్, 1998 మార్చిలో. దహనానికి రెండో డాక్టరు సంతకం కావాలన్న నియమం వల్ల షిప్‌మన్ ఆ క్లినిక్‌కు మాటిమాటికీ పంపే కాగితాలు ఆమెకు ఎక్కువనిపించాయి. పోలీసులు పైపైన చూసి ఏప్రిల్‌లో వదిలేశారు. ఆ తర్వాత ఇంకో ముగ్గురు చనిపోయారు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఇప్పుడు ఆ రోగి చికిత్సతో సంబంధం లేని మెడికల్ ఎగ్జామినర్, కరోనర్ విచారణకు వెళ్లని ప్రతి మరణం కాగితాల్నీ చూడాలి, కుటుంబంతో మాట్లాడాలి. 2024 సెప్టెంబరులో అది చట్టబద్ధమైంది. షిప్‌మన్ పట్టుబడ్డాక 26 ఏళ్లకు.

న్యూజెర్సీ అంత ఆలస్యం చేయలేదు. కల్లెన్ కేసు తర్వాత 2005లో వచ్చిన చట్టం ప్రకారం, రోగుల భద్రతకు ముప్పు తెచ్చిన ఉద్యోగి గురించి ఆసుపత్రి రాష్ట్రానికి చెప్పి తీరాలి. ఇంకో ఆసుపత్రి అడిగితే నిజం చెప్పాలి. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్లను దావాల నుంచి కాపాడే నిబంధన కూడా అందులో ఉంది. ఆ నిబంధన ఎంత అవసరమో టెక్సస్‌లోని వింక్లర్ కౌంటీ చూపించింది. 2009లో అక్కడ ఇద్దరు నర్సులు ఒక డాక్టరు వైద్యం మీద రాష్ట్ర మెడికల్ బోర్డుకు పేరు రాయకుండా లేఖ పంపారు. డాక్టరుకు స్నేహితుడైన షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి) ఆ లేఖ రాసిందెవరో వెతికి పట్టుకుని వాళ్ల మీదే క్రిమినల్ కేసు పెట్టాడు. విచారణకు నిలబడ్డ నర్సును జ్యూరీ గంటలోపే విడుదల చేసింది. తర్వాత శిక్ష షెరీఫ్‌కే పడింది.

నా మటుకు నాకు సరైన వరస ఇది. అనుమానం చెప్పిన మనిషి పేరు, చెప్పిన వేళ రాతలో పెట్టాలి. ఆ గంటలోనే సీసాలు, సెలైన్ బ్యాగులు, రక్తం నమూనాలు, మందుల రిజిస్టరు, సీసీ కెమెరా రికార్డు భద్రం చేయాలి. అనుమానం పడ్డ మనిషిని రోగుల దగ్గర్నుంచి, మందుల దగ్గర్నుంచి జీతంతో సహా పక్కన పెట్టాలి. అది శిక్ష కాదని అందరికీ తెలిసేలా చేయాలి. రోజుల్లోనే బయటివాళ్లకు అప్పగించాలి. బయటి డాక్టర్లు కేస్ షీట్లు చదివేటప్పుడు ఏ రోజు ఎవరు డ్యూటీలో ఉన్నారో వాళ్లకు చెప్పకూడదు. ఆసుపత్రి చేయకూడని పని, తానే పోలీసూ తానే జడ్జీ కావడం. ఈ వరస పాటించి ఉంటే కల్లెన్ సెయింట్ బార్నబస్‌లోనే ఆగి ఉండేవాడేమో, లూసియా అసలు అరెస్టే అయ్యేది కాదేమో.

మన దగ్గర సంగతి చూస్తే, డాక్టర్ల నడవడికి 2002లో మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా తెచ్చిన నిబంధనల్లో ఒకటుంది. తోటి వైద్యుల అసమర్థతను, అవినీతిని, అనైతిక ప్రవర్తనను భయం, పక్షపాతం లేకుండా బయటపెట్టాలని. బయటపెట్టిన డాక్టరును ఎవరు కాపాడతారో మాత్రం అందులో లేదు. పక్కనున్న నర్సు సంగతి సరేసరి. ప్రైవేటు ఆసుపత్రి సిస్టర్‌కు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్, రిలీవింగ్ లెటర్ యాజమాన్యం చేతిలో ఉంటాయి. గల్ఫ్‌కో బ్రిటన్‌కో వెళ్లాలన్నా అవే కావాలి. ఐసీయూలో చనిపోయిన మనిషికి పోస్టుమార్టం అంటే కుటుంబమే వద్దంటుంది, సాయంత్రానికి దహనం అయిపోతుంది. పార్లమెంటు 2014లో విజిల్ బ్లోయర్స్ రక్షణ చట్టం చేసింది, దాన్ని అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ ఇప్పటికీ రాలేదు. వచ్చినా అది ప్రభుత్వోద్యోగుల మీద ఫిర్యాదులకే. దాన్ని అమల్లోకి తేవాలి, ప్రైవేటు ఆసుపత్రులకూ వర్తించేలా మార్చాలి. నర్సుల సంఘాలు, జూనియర్ డాక్టర్ల సంఘాలు జీతాల డిమాండ్లతో పాటు ఈ ఒక్క డిమాండ్‌ను కూడా కాగితం మీద పెట్టాలి.